పని ఆగలేదు, ప్రేమ ఎండిపోయింది అంటున్న చెల్లెకు

వందనాలు చెల్లె. నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చదివే మిగతావాళ్ళకు అర్థం కావాలి కాబట్టి నువ్వు అడిగింది క్లుప్తంగా మళ్ళీ చెప్తున్నాను. నీ సొంతూరు జనగామ దగ్గర, ఉద్యోగం హనుమకొండలో. అయిదేళ్ళుగా సంఘంలో సండే స్కూల్ చూస్తున్నావు, యూత్ కూడికలు నడిపిస్తున్నావు, నెలకు రెండు శనివారాలు ఆసుపత్రిలో అన్నం పొట్లాలు పంచుతున్నావు. ఇప్పుడు ఇవన్నీ చేస్తూనే లోపల ఏమీ అనిపించడం లేదంటున్నావు. పిల్లలు అల్లరి చేస్తే చిరాకు. కానుకల లెక్క దగ్గర ట్రెజరర్ అన్నతో మాటామాటా పెరిగి మూడు నెలలుగా పలకరింపుల్లేవు. ఇంట్లో అమ్మ "సంఘంల అందరికీ నీ దగ్గర టైమున్నది, నాకు గోలి ఇయ్యనీకే లేదు" అన్నది. "ప్రేమ లేకుండా సేవ చేయడం పాపమా? అన్నీ మానేయాలా? ప్రేమే ముఖ్యమని అయ్యగారు ప్రతి ఆదివారం చెప్తారు, మరి సోమవారం పొద్దున నేను ఏం చేయాలి?" అని అడిగావు. క్రిస్మస్ కార్యక్రమం ఈసారి కూడా నీ మీదే పెడుతున్నారు, ఒప్పుకోవాలా అని చివర్లో రాశావు.

నేను 34 ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యాను. సండే స్కూల్, స్త్రీల సమాజం, ఆసుపత్రిలో రోగుల్ని చూడడానికి వెళ్ళడం, ఇవన్నీ కలిపి సంఘంలో కూడా దాదాపు అంతే కాలం పని చేశాను. నువ్వు చెప్పిన ఎండిపోవడం నాకూ వచ్చింది, ఒకసారి కాదు, రెండుసార్లు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదువు.

ముందు నర్సుగా ఒక మాట. ప్రేమ తగ్గిందని నువ్వు అనుకుంటున్నదాంట్లో కొంత భాగం ఒట్టి అలసట కావచ్చు. మన ఆడపిల్లల్లో రక్తం తక్కువగా ఉండడం ఎంత మామూలో నా ఉద్యోగమంతా చూశాను. హిమోగ్లోబిన్ ఎనిమిదికో తొమ్మిదికో పడిపోయిన మనిషికి పిల్లల గోల భరించలేనట్టుగా ఉంటుంది. చిన్న మాటకే ఏడుపొస్తుంది, ప్రార్థనలో కూర్చుంటే కళ్ళు మూతలు పడతాయి. థైరాయిడ్ సరిగ్గా పనిచేయకపోయినా ఇంచుమించు అంతే. ఈ వారంలోనే ఆ రెండు పరీక్షలు చేయించుకో. రాత్రి పదకొండు దాకా వాట్సాప్‌లో సండే స్కూల్ సంగతులు మాట్లాడుతున్నానని రాశావు, అది ఆపు.

ఇది ఆత్మీయమైన సలహా కాదని అనుకోకు. ఏలీయా ప్రవక్త కర్మెలు కొండ మీద అంత పెద్ద పని చేసి, యెజెబెలు రాణి బెదిరింపుకు పారిపోయి, అరణ్యంలో బదరీ చెట్టు కింద పడిపోయి, ఇక నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగాడు. దేవదూత వచ్చి ఆయన్ని మందలించలేదు. తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు చూపించి తినమన్నాడు. ఏలీయా తిని మళ్ళీ పడుకున్నాడు. దూత మళ్ళీ లేపాడు, మళ్ళీ తినమన్నాడు. "ఏలీయా, ఇక్కడ నీకేం పని" అని దేవుడు అడిగింది ఆ తర్వాత, నలభై రోజులు నడిచి హోరేబు చేరాకే. తిండీ నిద్రా ముందు వచ్చాయి, ప్రశ్న తర్వాత వచ్చింది.

పరీక్షలు బాగానే వచ్చి, వారం రోజులు సరిగ్గా నిద్రపోయినా ఆ పొడితనం అట్లాగే ఉంటే, అప్పుడు మిగతాది ఆలోచించాలి.

నువ్వు పాపమా అని అడిగావు. మొదటి కొరింథీ పత్రిక పదమూడో అధ్యాయం మనం పెళ్ళిళ్ళలో చదువుతాం. కానీ పౌలు దాన్ని రాసింది కొట్లాడుకుంటున్న ఒక సంఘానికి. దానికి ముందు పన్నెండో అధ్యాయం, తర్వాత పద్నాలుగో అధ్యాయం ఎవరి వరం గొప్ప, ఎవరు ముందు మాట్లాడాలి అనే గొడవ గురించే. పదకొండో అధ్యాయంలో ఇంకా ఘోరం ఉంది. ప్రభు బల్ల దగ్గరికి వచ్చినప్పుడు కొందరు ముందే తినేసి మత్తులో ఉంటున్నారు, పేదవాళ్ళు ఆకలితో చూస్తూ నిలబడుతున్నారు. ఆ జనానికి రాసిన మాటలవి. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన సంఘాల్లో ఒకే బల్ల దగ్గర పక్కపక్కనే మోకరించి రొట్టె తీసుకుంటాం. పిల్లల పెళ్ళి మాట వచ్చేసరికి మాత్రం, ఎదుటివాళ్ళు రక్షణ పొందినవాళ్ళా అని అడగడానికంటే ముందు ఏ కులమని అడుగుతాం. కొరింథు మనకు దూరం ఊరేం కాదు.

సరే, నీ ప్రశ్నకు వస్తాను. ఆ అధ్యాయం మూడో వచనంలో పౌలు, బీదల పోషణ కోసం ఆస్తంతా ఇచ్చినా ప్రేమ లేకపోతే "నాకు ప్రయోజనమేమియు లేదు" అంటాడు. ఆ "నాకు" అనే మాట దగ్గర కాసేపు ఆగు. పేదవాడికి ప్రయోజనం లేదని ఆయన అనలేదు. నువ్వు చిరాకుతో ఇచ్చిన పొట్లంతో కూడా ఆకలి తీరుతుంది. కాబట్టి నీ మనసు బాగయ్యేదాకా అన్నం ఆపేస్తానంటే, నీ జబ్బుకు ఇంకొకరిని పస్తు పెట్టినట్టవుతుంది. పొట్లాలు ఆపకు. కానీ ఆ "నాకు" అనే మాట నీ గురించే అని మాత్రం ఒప్పుకో. ఒప్పుకోవడం వేరు, భయపడడం వేరు. నువ్వు ఇట్లా బాధపడుతూ రాశావంటేనే లోపల ఇంకా ఏదో సజీవంగా ఉంది. పూర్తిగా చచ్చుబడిన చోట సూది గుచ్చినా నొప్పి తెలియదు.

ఇంకో మాట కూడా చూడు. ప్రకటన గ్రంథం రెండో అధ్యాయంలో ఎఫెసు సంఘానికి ప్రభువు రాయించిన ఉత్తరం ఉంది. ఆ సంఘం నీలాంటిదే. కష్టపడింది, సహించింది, దొంగ అపొస్తలుల్ని పరీక్షించి పట్టుకుంది, ఆయన పేరు కోసం భారం మోసి అలసిపోలేదు. ఇవన్నీ ప్రభువే మెచ్చుకున్నాడు. ఆ తర్వాతే, మొదట నీకుండిన ప్రేమను వదిలితివి అని తప్పు మోపాడు. మందు ఏం రాశాడో చూడు. ఎక్కడి నుంచి పడ్డావో గుర్తు చేసుకో, మారుమనసు పొందు, "ఆ మొదటి క్రియలను చేయుము" అన్నాడు. మొదట్లో కలిగిన పొంగు మళ్ళీ తెచ్చుకొమ్మని చెప్పలేదు. పొంగు మన చేతిలో లేదు. క్రియలు మన చేతిలో ఉన్నాయి.

మరి నీ మొదటి క్రియలేవి? నువ్వే రాశావు. మొదట్లో ఏడుగురు పిల్లలే ఉండేవాళ్ళని, వాళ్ళ ఇళ్ళకు పోయి గుడాలు తిన్నానని, ఒక పాప చెవినొప్పికి నువ్వే డాక్టర్ దగ్గరికి తీసుకుపోయానని. ఇప్పుడు నలభై మూడు మంది పిల్లలు, ముగ్గురు టీచర్లు, హాజరు రిజిస్టరు, బహుమతుల కొటేషన్లు. సంఖ్య పెరగడం తప్పు కాదు. నువ్వు మాత్రం ఆ మధ్యలో ఎప్పుడో పిల్లల దగ్గరి నుంచి రిజిస్టరు దగ్గరికి జరిగావు. నాకు సరిగ్గా అదే జరిగింది, అది ఎట్లా తెలిసొచ్చిందో చెప్తాను.

నేను నర్సుగా ఉన్న రోజుల్లోనే డ్యూటీ లేని రోజు సంఘం తరఫున ఒక పెద్దాసుపత్రి వార్డుల్లో పొట్లాలు పంచేవాళ్ళం. పంపకం బాధ్యత నాది. పులిహోర పొట్లాలు, అరటిపండ్లు, లెక్క తప్పకూడదు, రెండు గంటల్లో అయిపోవాలి, తర్వాత సాయంత్రం గృహ కూడిక. ఒక రోజు మహిళల వార్డులో మూలన ఉన్న మంచం దగ్గర ఒక ముసలాయన నేల మీద కూర్చొని ఉన్నాడు. ములుగు అడవుల దిక్కు నుంచి వచ్చారని ఆ మాట తీరులోనే తెలిసింది. మంచం మీద ఆయన భార్య, ఆక్సిజన్ పెట్టి ఉంది. నేను పొట్లం అందిస్తే తీసుకోలేదు. "అన్నం వద్దు బిడ్డా. జెరసేపు ఈమె కాడ కూసుంటవా? పొద్దటి సంది లేవలేదు. బాత్రూంకు పోయొస్త" అన్నాడు.

పది నిమిషాలు కూడా కాదు ఆయన అడిగింది. నా చేతిలో ఇంకా నలభై దాకా పొట్లాలున్నాయి. "ఇప్పుడే వస్తా తాతా, ఇవి పంచేసి వస్తా" అన్నాను. పంచేశాను. టైమైపోయింది, ఆటోలో ఎక్కాను, కూడికకు పోయాను. ఆ రాత్రి లెక్కల పుస్తకంలో 120 పొట్లాలు పంచినట్టు రాసి సంతకం పెట్టాను. తాత సంగతి పడుకోబోయే ముందు గుర్తొచ్చింది. మర్నాడు డ్యూటీ దిగి పోయి చూస్తే ఆ మంచం మీద వేరే మనిషి ఉంది. పక్క మంచం వాళ్ళను అడిగితే, తెల్లవారుజామున ఆ అవ్వ పోయిందని చెప్పారు. తాత పేరు కూడా నాకు తెలియదు.

ఆ ఒక్క మనిషి నన్ను ఎన్నో ఉజ్జీవ సభల కంటే ఎక్కువగా కదిలించాడు. నా పని బాగానే ఉంది, లెక్క సరిపోయింది, సంఘంలో నన్ను మెచ్చుకున్నారు. మనిషి అడిగినదాన్ని మాత్రం నేను వినలేదు, నేను తెచ్చినదాన్నే ఇవ్వాలని చూశాను. ఆ తర్వాత మా బృందంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎంతమంది పొట్లాలు పంచినా, ఇద్దరు మాత్రం ఖాళీ చేతులతో రావాలి. వాళ్ళ పని మంచాల మధ్య తిరగడం, కూర్చోవడం, రోగి దగ్గర ఉన్నవాళ్ళు బయటికి పోయి టీ తాగి వచ్చేదాకా అక్కడ ఉండడం, చీటీ చదివి మందుల కిటికీ ఎటో చూపించడం. మొదట్లో సంఘంలో కొందరు "ఇద్దరు ఊకె తిరుగుతున్నారు" అన్నారు. ఏడాది తిరిగేసరికి ఆ ఇద్దరిలో ఒకరిగా పోతామని అడిగేవాళ్ళే ఎక్కువయ్యారు. మీ బృందంలో కూడా ఇది పెట్టి చూడు. మొదటి నెల ఆ ఖాళీ చేతుల మనిషివి నువ్వే అవ్వు. పంపకం ఇంకొకరికి అప్పజెప్పు.

పొట్లాల గురించి ఇంకో రెండు మాటలు. పొట్లంలో సువార్త కరపత్రం పెట్టాలా వద్దా అని మీ యూత్‌లో వాదన జరుగుతోందని రాశావు. నా ఉద్దేశం సూటిగా చెప్తాను, పెట్టవద్దు. ఎవరైనా మీరెందుకిట్లా వస్తున్నారని అడిగితే దాచకుండా చెప్పండి, ప్రార్థన చేయమంటే చేయండి. కానీ ఆకలితో ఉన్నవాడి అన్నానికి దేన్నీ అంటించకూడదు. ఇది నేను కొత్తగా చెప్తున్నదేం కాదు. 1876 నుంచి 78 దాకా వచ్చిన పెద్ద కరువులో ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ క్లవ్ దొర సంగతి మన పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. జనానికి కూలి దొరకాలని ఆయన బకింగ్‌హాం కాలువలో కొంత తవ్వకం పని కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమంది ఆ పనికి వచ్చారు, వాళ్ళలో చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వస్తున్నారో ప్రభువు కోసం వస్తున్నారో వాళ్ళకే తెలియాలని కరువు పని ముగిసేదాకా ఆగాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్క రోజులోనే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన వాళ్ళు ఆ 2,222 సంఖ్యను అందరికీ చెప్తారు. నాకు మాత్రం ఆయన ఆగిన ఆ నెలలే పెద్దవిగా కనిపిస్తాయి. ఇవ్వడానికి చేతిలో అవకాశం ఉండి, అడిగేవాళ్ళు ఎదురుగా ఉండి కూడా ఆగడానికి ఎంత ప్రేమ కావాలో ఆలోచించు.

మన దగ్గరి సంగతే ఇంకొకటి. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు రోగుల కోసం విక్టోరియా ఆసుపత్రి మొదలైంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ దాన్ని కట్టి నడిపించారు. దానికి పెద్ద మొత్తం ఇచ్చి నిలబెట్టిన దాత నిజామాబాద్‌కు చెందిన రాజా నర్సాగౌడ్, ఆయన హిందువు. ఆ రోజుల్లో ఆ జబ్బుకు ఖచ్చితంగా నయం చేసే మందు లేదు. చాల్‌మోగ్రా అనే చెట్టు జాతి గింజల నూనెతో ఇంజెక్షన్లే దిక్కు, అవి చాలా నొప్పి, నెలల తరబడి పొడవాలి, అయినా అందరికీ తగ్గేది కాదు. ఆ జబ్బును నయం చేసే సల్ఫోన్ మందులు వచ్చింది 1940లలో. నర్సుగా నాకు దీన్ని తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. ఫలితం వస్తుందన్న నమ్మకం లేని రోజుల్లో, ఊరు బయటికి నెట్టేసిన మనుషుల చేతుల్ని రోజూ పట్టుకొని ఇంజెక్షన్ చేశారు. నువ్వు నీ సండే స్కూల్‌లో ఎంతమంది పెరిగారు, ఎంతమంది మారారు అని లెక్క చూసుకుంటున్నావు. పక్కన కూర్చోవడానికి ఆ లెక్క అవసరం లేదు.

ఇంకా, ఫొటోలు. పొట్లం తీసుకుంటున్న రోగి ముఖం స్టేటస్‌లో పెట్టడం ఆపించు. దానం ఇచ్చినవాళ్ళకు లెక్క చూపించాలంటే బియ్యం బస్తాల ఫొటో చాలు.

ఇప్పుడు ట్రెజరర్ అన్న సంగతి. ఇది నువ్వు మూడు లైన్లలో రాసి వదిలేశావు, కానీ నీ ఎండిపోవడానికి పెద్ద కారణం ఇదేనని నాకు అనిపిస్తోంది. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతుంటే, సహోదరుడికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడు అని ప్రభువు చెప్పాడు. మూడు నెలలుగా నువ్వు అర్పణలు పెడుతూనే ఉన్నావు, వెళ్ళాల్సిన చోటికి మాత్రం వెళ్ళలేదు. మనసు ఎందుకు పొడిబారదు?

నువ్వు అందరి ముందు "లెక్కలో తిరకాసు ఉంది" అన్నావు, ఆయన "నిన్నగాక మొన్న వచ్చినవ్, నువ్వు నన్ను అడుగుతవా" అన్నాడు. ఇందులో రెండు సంగతులు కలిసిపోయాయి. ఒకటి నువ్వు మాట్లాడిన తీరు, ఇంకొకటి లెక్క. ఈ రెండింటినీ విడదీయి. ఫోన్‌లో గానీ గ్రూపులో గానీ వద్దు. ముందు ఫోన్ చేసి, ఆయన ఇంట్లో ఉన్న సమయం కనుక్కొని, ఒక్కదానివే పో. వదిన కూడా ఉంటే ఇంకా మంచిది. "అన్నా, ఆ రోజు పదిమంది ముందల నేను అట్ల అనుడు తప్పు, క్షమించు" అను. "కానీ నువ్వు కూడా" అనే మాట నాలుక చివర దాకా వస్తుంది, మింగేయి. ఆయన కాస్త మెత్తబడ్డాక, "లెక్క సంగతి మాత్రం మనం కూసొని చూసుకుందామన్నా" అను. ఆ రోజు కాకపోతే మరో రోజు.

ప్రేమంటే లెక్క అడగకపోవడం అని ఎవరైనా చెప్తే నమ్మకు. అదే పదమూడో అధ్యాయంలో ప్రేమ దుర్నీతి విషయమై సంతోషపడదు, సత్యమునందు సంతోషిస్తుంది అని ఉంది. యెరూషలేము బీదల కోసం పౌలు కానుకలు పోగు చేసినప్పుడు, తన మీద ఎవరూ తప్పు మోపకుండా తన తోటి పనివాడు తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి కూడా వెంట పంపాడు. రెండో కొరింథీ పత్రిక ఎనిమిదో అధ్యాయంలో ఉంది, చదువు. పౌలంతటివాడే తనను తాను ఒంటరిగా నమ్ముకోలేదు. కాబట్టి అయ్యగారితో, పెద్దలతో మాట్లాడి, ప్రతి ఆదివారం కానుక ఇద్దరు కలిసి లెక్కపెట్టి సంతకాలు పెట్టాలని, నెలకోసారి సంఘంలో చదవాలని అడుగు. ఇది ట్రెజరర్ అన్నను కూడా కాపాడుతుంది. అట్లా చెప్తే ఆయనకే అర్థమవుతుంది.

ఆ అధ్యాయంలోనే "అపకారమును మనస్సులో ఉంచుకొనదు" అని ఉంది కదా, గ్రీకులో అక్కడ వాడిన మాట లెక్క రాసుకోవడానికి వాడే మాట. ఎవరు నన్ను ఎప్పుడు ఏమన్నారో పుస్తకంలో ఎక్కించుకుంటూ పోవడం. నా దగ్గర అట్లాంటి పుస్తకం ఒకటి ఏళ్ళ తరబడి ఉండేది. ఫలానా క్రిస్మస్‌కు నా పేరు చదవలేదు, ఫలానా పెళ్ళికి నన్ను పిలవలేదు, తేదీలతో సహా గుర్తుండేది. ఒక రోజు ప్రార్థనలో కూర్చొని అవన్నీ నిజంగానే కాగితం మీద రాశాను. పదకొండు వచ్చాయి. రాసి చూస్తే అందులో తొమ్మిది నా పేరు, నా కుర్చీ, నా మాట చెల్లకపోవడం గురించే. ఆ కాగితాన్ని పొయ్యిలో వేశాను. మర్నాటికే అంతా మర్చిపోయానని అబద్ధం చెప్పను. గుర్తొచ్చినప్పుడల్లా "అది కాలిపోయింది" అని పైకే చెప్పుకునేదాన్ని. రెండేళ్ళు పట్టింది.

నువ్వు వెళ్ళినా ఆయన మాట్లాడకపోవచ్చు. అప్పుడు నీ వంతు అయిపోయింది. ప్రతి ఆదివారం పేరు పెట్టి "వందనాలన్నా" అను. బదులు రాకపోయినా అను.

ఇక అమ్మ. చెల్లె, ఇక్కడ కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమనుకోకు. మార్కు ఏడో అధ్యాయంలో కొర్బాను సంగతి ఉంది. తల్లిదండ్రులకు ఇవ్వాల్సింది దేవునికి అర్పించేశామని చెప్పి తప్పించుకునేవాళ్ళ మీద ప్రభువు కోపపడ్డాడు. ఆయన సిలువ మీద, ఊపిరి అందని ఆ బాధలో కూడా తల్లిని యోహానుకు అప్పగించాడు. అమ్మ అన్న మాట నీకు దెప్పిపొడుపుగా వినిపించింది. నాకది అడుక్కున్నట్టుగా వినిపించింది. ఇంట్లో ఉన్న ముసలివాళ్ళు "గోలి ఇయ్యి" అన్నప్పుడు సగం మాత్ర కోసం అడుగుతారు, సగం పక్కన కాసేపు కూర్చోవడానికి అడుగుతారు. ఆ తాత నన్ను అడిగినట్టే.

రాత్రి తొమ్మిదింటికి అమ్మ మాత్ర నీ చేతితో ఇవ్వు. ఇచ్చి లేచిపోకు, పావుగంట ఉండు. ఫోన్ వేరే గదిలో పెట్టు. కాళ్ళకు నూనె రాయి. నెలకు రెండు శనివారాల్లో ఒకటి ఆసుపత్రికి, ఒకటి అమ్మకు. సంఘంలో ఎవరైనా అడిగితే దాచకు, అమ్మ కోసమని చెప్పు. సండే స్కూల్ పిల్లలకు నువ్వు చెప్పే తల్లిదండ్రుల్ని సన్మానించుమనే ఆజ్ఞకు ఇంతకు మించిన పాఠం దొరకదు.

మార్తను మనం అందరం తిడతాం, నాకు ఆమె అంటే ఇష్టం. లూకా పదో అధ్యాయంలో ఇంటికొచ్చిన ప్రభువుకు వడ్డించే పనిలో ఉండి, ఊరికే కూర్చున్న సహోదరి మరియను నాకు సాయం చేయమని చెప్పు అని ఫిర్యాదు చేస్తే, పనుల గురించి తొందరపడుతున్నావని ప్రభువు ఆమెను సరిచేశాడు. కానీ యోహాను పదకొండులో యేసు మార్తను, ఆమె సహోదరిని, లాజరును ప్రేమించెను అని రాసి ఉంది, ఆమె పేరే ముందుంది. పన్నెండో అధ్యాయంలో మళ్ళీ విందు, మళ్ళీ మార్తే వడ్డిస్తోంది. ఈసారి మరియ మీద ఫిర్యాదు లేదు, "నాకు సాయం చేయమని చెప్పు" అనడం లేదు. వంట మానలేదు, విసుక్కోవడం మానింది. ఆ రెండు విందుల మధ్య ఆమె సహోదరుడు లాజరు చనిపోయాడు, ప్రభువు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. తను ప్రేమించబడ్డానని ఆమెకు అప్పుడు తెలిసింది. నేనైతే అట్లా అర్థం చేసుకున్నాను.

నువ్వు కూడా ముందు అది పొందాలి. ఆయనే మొదట మనలను ప్రేమించెను గనుక మనము ప్రేమించుచున్నాము అని యోహాను రాశాడు. నువ్వు బైబిలు ఎప్పుడు తెరుస్తున్నావు? సండే స్కూల్ పాఠం కోసం, యూత్‌లో మాట్లాడడం కోసం. అది వంట చేసేవాళ్ళు పొయ్యి దగ్గర రుచి చూడడం లాంటిది, కడుపు నిండదు. పొద్దున పదిహేను నిమిషాలు ఎవరికీ చెప్పాల్సిన అవసరం లేకుండా చదువు. నోట్సు రాయకు, స్టేటస్ పెట్టకు. ఒక సువార్త తీసుకో, మార్కు చిన్నది. యేసు ఎవరి దగ్గర ఆగాడో చూడు. చావుబతుకుల్లో ఉన్న యాయీరు కూతురి కోసం పరుగెత్తాల్సిన వేళ, పన్నెండేళ్ళ రక్తస్రావం ఉన్న స్త్రీ కోసం ఆగి, ఆమె చెప్పేదంతా విన్నాడు. అక్కడ కాసేపు ఉండు.

సోమవారం పొద్దున ఏం చేయాలన్నావు కదా. నలభై మూడు మందికీ ఒకేసారి ప్రార్థించకు. వారానికి ఒకే ఒక్క పిల్లవాణ్ణి తీసుకో, అందరికంటే ఎక్కువ చిరాకు తెప్పించేవాడితో మొదలుపెట్టు. ప్రతి ఆదివారం ఆలస్యంగా వచ్చే పిల్లవాడు ఒకడున్నాడని, బయట నిలబెడుతున్నావని రాశావు కదా, అతనే. వారమంతా అతని పేరు పెట్టి ప్రార్థించు, శనివారం లోపు ఒకసారి ఇంటికి పో. ఎందుకు ఆలస్యమవుతోందని అడగడానికి పోకు, ఊరికే పో. నీళ్ళు పట్టడం, చెల్లెల్ని తయారు చేయడం, తండ్రి తాగి పడిపోతే అన్నం వండడం, ఇట్లాంటివి ఏవైనా ఉండవచ్చు, ఏమీ లేకపోవచ్చు కూడా. ఇల్లు చూసి వచ్చాక ఆ ఆదివారం అతన్ని బయట నిలబెట్టడం నీవల్ల కాదు. నాకు చాలాసార్లు ప్రేమ ఈ దారిలోనే తిరిగి వచ్చింది, గుమ్మం దాటి లోపలికి వెళ్ళి వాళ్ళిచ్చిన మంచినీళ్ళు తాగాక.

క్రిస్మస్ కార్యక్రమం సంగతి. మొత్తం ఒప్పుకోవద్దు, మొత్తం కాదనవద్దు. పిల్లల నాటకం నువ్వు తీసుకో, అందులో పిల్లలున్నారు. భోజనాలు, స్టేజీ, మైకు, చందాలు వేరేవాళ్ళకు ఇవ్వమని ఇప్పుడే, నవంబరు రాకముందే, పెద్దలకు చెప్పు. ఎవరూ ముందుకు రాకపోతే ఈసారి భోజనం పప్పు, పచ్చిపులుసుతో కానివ్వండి. స్టేజీ చిన్నదైతే ఎవరూ విశ్వాసం కోల్పోరు. ట్రెజరర్ అన్నతో సమాధానపడితే, చందాలు ఆయన్నీ నిన్నూ కలిపి చూడమంటారేమో, అప్పుడు సరేనను.

పరీక్షల రిపోర్టు వచ్చాక హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్షలో వచ్చే అంకె) ఎంతున్నాయో ఇక్కడ రాయి. అమ్మ ఏ మాత్రలు వేసుకుంటుందో పేర్లు కూడా రాయి, ఏది తిన్నాక వేసుకోవాలో, ఏది పరగడుపున వేసుకోవాలో చెప్తాను.